రెండు మీటర్ల రిపీటర్, దాని డూప్లెక్సర్, టవర్: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

ఈ సమీక్ష ఒక్క పెట్టెది కాదు, మొత్తం రిపీటర్‌ది. రిపీటర్ అంటే ఒక ఫ్రీక్వెన్సీలో వచ్చే హామ్ రేడియో మాటని విని, అదే క్షణంలో మరో ఫ్రీక్వెన్సీలో బలంగా తిరిగి పంపే స్టేషన్. మాది తరంగం పొడవు సుమారు రెండు మీటర్లుండే బ్యాండ్‌లో పనిచేస్తుంది. రెండు పాత కమర్షియల్ మొబైల్ (వాహనాల్లో పెట్టే) రేడియోలు, ఆరు క్యావిటీల (ఒక ఫ్రీక్వెన్సీకి ట్యూన్ చేసే లోహపు డబ్బాల్లాంటి ఫిల్టర్లు) డూప్లెక్సర్, అంటే ట్రాన్స్‌మిటరూ రిసీవరూ ఒకే యాంటెన్నా వాడుకునేలా చేసే పరికరం, అర అంగుళం హార్డ్‌లైన్ (గట్టి రాగి తొడుగున్న) కేబుల్, నాలుగు ఫోల్డెడ్ డైపోల్‌ల యాంటెన్నా, గై వైర్ల (చుట్టూ నేలకి లాగి కట్టే తీగలు) మీద నిలబడ్డ టవర్. వీటన్నిటినీ మిత్రులతో కలిసి కట్టి, చాలా ఏళ్లుగా దగ్గరుండి చూసుకుంటున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రిపీటర్ కట్టాలనుకునేవాళ్లలో ఎక్కువమంది ముందు ఏ రేడియో కొనాలని అడుగుతారు. నన్నడిగితే రేడియో చివర్లో ఆలోచించాల్సిన విషయం. డబ్బూ శ్రద్ధా ముందుగా డూప్లెక్సర్ మీద, కేబుల్ మీద, కనెక్టర్ల మీద, టవర్ మీద ఉన్న ప్రతి బిగింపు మీద పెట్టాలి.

ఎందుకో లెక్కలోనే తెలుస్తుంది. రెండు మీటర్ల బ్యాండ్‌లో రిపీటర్ వినే ఫ్రీక్వెన్సీకీ, పంపే ఫ్రీక్వెన్సీకీ మధ్య తేడా 600 కిలోహెర్ట్జ్ మాత్రమే. ఒకే యాంటెన్నా మీద, ఒకే క్షణంలో, 25 వాట్లు బయటికి పోతూ ఉండాలి, 0.25 మైక్రోవోల్టు సిగ్నల్ లోపలికి వినిపిస్తూ ఉండాలి. ఆ రెండిటి మధ్య తేడా 160 డీబీకి (డెసిబెల్, ప్రతి 10 డీబీకీ శక్తి పది రెట్లు మారుతుంది) పైనే. ఇందులో మళ్లీ రెండు వేర్వేరు సమస్యలున్నాయి. ట్రాన్స్‌మిటర్ క్యారియర్ (పంపే అసలు తరంగం) బలానికి రిసీవర్ ఉక్కిరిబిక్కిరి కావడం ఒకటి. ట్రాన్స్‌మిటర్ తన ఫ్రీక్వెన్సీకి అటూ ఇటూ చిమ్మే సన్నటి నాయిస్ సరిగ్గా రిసీవర్ ఫ్రీక్వెన్సీ మీద పడటం రెండోది. మొదటిదాన్ని రిసీవర్ వైపు క్యావిటీలు ఆపుతాయి. రెండోదాన్ని ట్రాన్స్‌మిటర్ వైపే ఆపాలి, ఎందుకంటే రిసీవర్ దాకా వచ్చాక దాన్నీ అసలు సిగ్నల్‌నీ ఏ ఫిల్టరూ విడదీయలేదు. డూప్లెక్సర్‌లో రెండు వైపులా మూడేసి క్యావిటీలు ఉండటం ఇందుకే.

మా డూప్లెక్సర్ బ్యాండ్‌పాస్ (కావలసిన ఫ్రీక్వెన్సీని వదిలేది), బ్యాండ్‌రిజెక్ట్ (వద్దనుకున్నదాన్ని ఆపేది) రెండూ కలిసిన రకం. ఈ ఫ్రీక్వెన్సీలో పావు తరంగం సుమారు 52 సెంటీమీటర్లు కాబట్టి క్యావిటీలూ దాదాపు అంత పొడుగే ఉంటాయి, బరువూ తక్కువేం కాదు. లోపల ట్యూనింగ్ రాడ్ ఇన్వార్‌తో చేసింది. ఇనుము, నికెల్ కలిసిన ఈ మిశ్రమం వేడికి దాదాపుగా సాగదు. ఎండలోనూ చలిలోనూ ట్యూనింగ్ పక్కకి తప్పకుండా నిలిచిందంటే కారణం అదే. మొత్తం సామానులో నాకు ఒక్కసారి కూడా టెన్షన్ పెట్టని వస్తువు ఇదొక్కటే. దీనికి చెల్లించే ధర సుమారు 1.5 డీబీ నష్టం. అంటే 25 వాట్లు పెడితే 17, 18 వాట్లే బయటికొస్తాయి. ఆ నష్టం గురించి బాధపడాల్సిన పని లేదు. చేతి రేడియోతో మాట్లాడేవాడు రిపీటర్‌ని అందుకోగలడా లేదా అన్నదే అసలు ప్రశ్న, అది రిసీవర్ ఎంత నిశ్శబ్దంగా ఉందన్నదాని మీద ఆధారపడుతుంది.

చౌకగా దొరికే చిన్న నాచ్ డూప్లెక్సర్ల (వద్దనుకున్న ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గర లోతైన గండి, అంటే నాచ్, పెట్టి ఆపే రకం) గురించి తరచూ అడుగుతుంటారు. 70 సెంటీమీటర్ల బ్యాండ్‌లో, 5 మెగాహెర్ట్జ్ తేడా ఉన్న చోట అవి చక్కగా పనిచేస్తాయి. రెండు మీటర్లలో 600 కిలోహెర్ట్జ్ తేడాకి పనికిరావు. ఇందులో రాజీకి చోటు లేదు.

ట్యూనింగ్ విషయంలో ఒక జాగ్రత్త. నానోవీఎన్‌ఏ (ఫిల్టర్లనీ యాంటెన్నాలనీ కొలిచే చిన్న పరికరం) వచ్చాక అందరం దానితోనే అన్నీ కొలుస్తున్నాం, మంచిదే. పాస్ వైపు ఆకారం, రిటర్న్ లాస్ (ఎంత శక్తి వెనక్కి తిరిగొస్తోందన్న కొలత) చూడటానికి అది చాలు. కానీ అది నమ్మకంగా చూపించగలిగే లోతు ఈ ఫ్రీక్వెన్సీలో సుమారు 70 డీబీ. ఆరు క్యావిటీల డూప్లెక్సర్ నాచ్ అంతకన్నా లోతుగా ఉంటుంది కాబట్టి తెర మీద అడుగున గజిబిజి తప్ప ఏమీ కనిపించదు. నాచ్‌ని ఒక సిగ్నల్ జనరేటరూ, సున్నితమైన రిసీవరూ పెట్టుకుని, వినిపించేది కనిష్ఠానికి వచ్చేదాకా తిప్పడమే సరైన పద్ధతి. క్యావిటీల మధ్య ఉండే జంపర్ కేబుళ్ల పొడవు కూడా ట్యూనింగ్‌లో భాగమే. చూడటానికి బాగుంటుందని వాటిని మార్చకండి. మార్చక తప్పకపోతే అంతే పొడవులో, వెండి పూత ఉన్న రెండు పొరల షీల్డు కేబుల్, ఆర్‌జీ-214 లాంటిది వాడండి.

రిపీటర్ ఉన్నవాళ్లందరూ నేర్చుకుని తీరాలని నేననుకునే పరీక్ష ఒకటుంది, డీసెన్స్ పరీక్ష. డీసెన్స్ అంటే సొంత ట్రాన్స్‌మిటర్ వల్ల రిసీవర్ వినికిడి మందగించడం. యాంటెన్నా లైన్లోకి ఐసో-టీ (లైన్‌ని కదిలించకుండా కొద్దిపాటి సిగ్నల్ కలిపే కనెక్టర్) ద్వారా బలహీనమైన సిగ్నల్ పంపి, రిసీవర్‌లో సన్నగా హిస్‌తో వినిపించేలా పెట్టాలి. అప్పుడు ట్రాన్స్‌మిటర్ ఆన్ చేయాలి. వినిపించేది మారకపోతే అంతా బాగున్నట్టు. నాయిస్ పెరిగితే డీసెన్స్ ఉన్నట్టు. దీన్ని ముందు డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు శక్తిని వేడిగా మార్చేసే రెసిస్టరు) మీద, తర్వాత యాంటెన్నా మీద చేయాలి. డమ్మీ లోడ్ మీదే నాయిస్ వస్తే తప్పు గదిలో ఉంది: డూప్లెక్సర్, రేడియో షీల్డింగ్, జంపర్లు. డమ్మీ లోడ్ మీద శుభ్రంగా ఉండి యాంటెన్నా మీద గరగర మొదలైతే తప్పు పైన ఉంది, హార్నెస్ తొడుక్కుని టవర్ ఎక్కాల్సిందే. ఈ ఒక్క పరీక్ష మాకు ఆదా చేసిన శ్రమ ఇంతా అంతా కాదు.

ఆ రెండో రకం సమస్య మాకు బాగా పరిచయం. మొదట్లో పెట్టింది ఫైబర్‌గ్లాస్ గొట్టంలో ఉండే కోలీనియర్ (ఒకదాని మీద ఒకటి నిలువుగా పేర్చిన ముక్కల) యాంటెన్నా. కొన్నాళ్లు హాయిగా పనిచేసింది. ఆ తర్వాత గాలి వీచినప్పుడల్లా రిపీటర్‌లో చిటపటలు. ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి వెనక్కొచ్చే శక్తిని చూపే) మీటర్ మాత్రం అంతా బాగుందనే చూపించింది. కిందికి దించి కోసి చూస్తే లోపల ఒక టంకం జాయింట్‌లో వెంట్రుకవాసి పగులు. గాలికి గొట్టం ఊగినప్పుడల్లా ఆ పగులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. మామూలుగా మాట్లాడుకునే స్టేషన్‌లో అయితే ఎవరికీ తెలిసేది కాదు. రిపీటర్‌లో ట్రాన్స్‌మిటర్ నడుస్తుండగానే రిసీవర్ వింటూ ఉంటుంది కాబట్టి లోహానికీ లోహానికీ మధ్య ఎంత చిన్న వదులు ఉన్నా అది నాయిస్‌గా మారిపోతుంది. ఎండకి ఆ గొట్టం పైపూత పోయి, నూగు కూడా లేచింది.

దాని స్థానంలో పెట్టిన నాలుగు ఫోల్డెడ్ డైపోల్‌ల యాంటెన్నాకి నా పూర్తి మద్దతు. బరువెక్కువ, గాలిని ఎక్కువ పట్టుకుంటుంది, బిగించడానికి టవర్ మీద చాలాసేపు ఉండాలి, నిజమే. కానీ ప్రతి భాగమూ బయటికి కనిపిస్తుంది, చూసి తనిఖీ చేయొచ్చు. డైపోల్‌లన్నీ డీసీకి నేరుగా ఎర్త్ అయి ఉంటాయి, పిడుగుల కాలంలో అదెంతో మేలు. నాలుగూ టవర్‌కి ఒకే వైపు పెట్టాలా, చుట్టూ నాలుగు దిక్కులకీ పెట్టాలా అన్నది మీ కవరేజీని బట్టి నిర్ణయించుకోవచ్చు. ఒకే వైపు పెడితే ఆ దిక్కులో బలం పెరుగుతుంది, వెనక తగ్గుతుంది.

యాంటెన్నా మార్చాక కూడా సన్నటి గరగర కొంత మిగిలింది. అది టవర్ మీద ఎప్పుడో వదిలేసిన ఒక తుప్పుపట్టిన క్లాంపు నుంచి వస్తోందని తేలింది. తుప్పుపట్టిన అతుకు డయోడ్ లాగే పనిచేసి, దాని మీద పడ్డ రేడియో శక్తిని పక్క ఫ్రీక్వెన్సీల్లోకి చిమ్ముతుంది. అప్పటినుంచి టవర్ మీద మా నియమం ఒకటే: లోహం లోహాన్ని తాకితే గట్టిగా బిగిసి ఉండాలి, లేదా అసలు తాకకుండా ఉండాలి. వేలాడే పాత తీగలు, వదులు స్టీల్ పట్టీలు, వాడని బ్రాకెట్లు, ఏవీ పైన ఉంచం.

కేబుల్ సంగతీ ఇలాంటిదే. అల్యూమినియం రేకు పొర, దాని మీద టిన్ పూత పూసిన రాగి అల్లిక ఉండే తక్కువ నష్టం కేబుళ్లు చాలామంది వాడతారు. సింప్లెక్స్‌కి, అంటే ఒకసారికి పంపడమో వినడమో ఒక్కటే చేసే చోట, అవి భేషుగ్గా ఉంటాయి. రెండూ ఒకేసారి జరిగే డూప్లెక్స్‌లో మాత్రం ఆ రెండు లోహాలు ఒకదానితో ఒకటి రాసుకునే చోట కాలక్రమేణా నాయిస్ పుడుతుంది. రిపీటర్‌కి ముడతలు ముడతలుగా ఉండే ఒకే ముక్క రాగి షీల్డు ఉన్న హార్డ్‌లైన్ వాడాలి. నష్టం కూడా తక్కువ: 40 మీటర్ల అర అంగుళం హార్డ్‌లైన్‌లో ఈ బ్యాండ్‌లో పోయేది 1 డీబీకి కాస్త పైన. అదే పొడవు ఆర్‌జీ-213 అనే మామూలు కేబుల్‌లో 3 డీబీ దాటుతుంది, అంటే సగానికి పైగా శక్తి కేబుల్ వేడెక్కడానికే సరి.

కనెక్టర్లన్నీ ఎన్ టైపే. హామ్ రేడియోల మీద మామూలుగా కనిపించే పీఎల్-259 కనెక్టర్ వానకి ఆగదు. ప్రతి జాయింటుకీ ముందు మామూలు వినైల్ టేపు ఒక పొర, దాని మీద తనలో తనే అతుక్కుపోయే రబ్బరు టేపు, పైన మళ్లీ వినైల్. చివరి పొరని కింద నుంచి పైకి చుట్టాలి, అప్పుడు ఇంటి పెంకుల్లాగా పై మడత కింది మడత మీదికొచ్చి నీళ్లు జారిపోతాయి. అడుగున మొదటి వినైల్ పొర ఎందుకంటే, ఏళ్ల తర్వాత విప్పినప్పుడు కనెక్టర్ జిగురు లేకుండా శుభ్రంగా దొరుకుతుంది. గదిలోకి వచ్చే ముందు కేబుల్‌ని కిందికి వంచి ఒక లూప్ ఇవ్వడం మరిచిపోవద్దు.

రేడియోల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. రిపీటర్ నిమిషాల తరబడి ఆగకుండా పంపాలి, మొబైల్ రేడియోలు అందుకు తయారైనవి కావు. 50 వాట్ల రేడియోని 20, 25కి తగ్గించి, పెద్ద హీట్‌సింకూ ఫ్యానూ పెట్టాం. ఫ్యాన్లు మాత్రం పోతూనే ఉంటాయి, ఒకటి ఎప్పుడూ స్పేర్‌లో ఉండాలి. ఆడియోని స్పీకర్ నుంచి తీసుకోకుండా డిస్క్రిమినేటర్ (రిసీవర్‌లో సిగ్నల్‌ని మాటగా మార్చే భాగం) నుంచి తీసుకుంటే మాట సహజంగా ఉంటుంది. స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు హిస్‌ని మూసేసే ఏర్పాటు) గురించి ఒక్క మాట చెప్పాలి: మోటరోలా మైకార్ రేడియోల్లో వచ్చిన రెండంచెల స్క్వెల్చ్ పద్ధతి ఇప్పటికీ నాకు ఇష్టమైనది. సిగ్నల్ బలంగా ఉంటే వదిలిన మరుక్షణం మూసుకుంటుంది, బలహీనంగా ఊగుతుంటే కాస్త ఆగి మూసుకుంటుంది. దూరం నుంచి వచ్చే స్టేషన్ మాట ముక్కలవదు.

కంట్రోలర్‌గా రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లో ఎస్‌వీఎక్స్‌లింక్ అనే రిపీటర్ సాఫ్ట్‌వేర్ నడుపుతున్నాం. ఇంటర్నెట్ ద్వారా స్టేషన్లని కలిపే ఎకోలింక్ కూడా అందులోనే వస్తుంది. బాగా పనిచేస్తోంది కానీ కరెంటు ఉన్నట్టుండి పోతే మెమరీ కార్డు పాడవుతుంది. కార్డుని చదవడానికి మాత్రమే వీలుండేలా మార్చాక ఆ బెడద తగ్గింది. టైమౌట్ టైమర్ (ట్రాన్స్‌మిటర్ మరీ ఎక్కువసేపు ఆన్‌లో ఉండిపోతే ఆపేది), ట్రాన్స్‌మిటర్‌ని దూరం నుంచి ఆపే మార్గం, ఈ రెండూ ఆ రాస్ప్‌బెర్రీ కంప్యూటర్ మీద ఆధారపడకుండా విడిగా ఉండాలి.

ఇక టవర్. ఇక్కడ తప్పు జరిగితే రిపీటర్ ఆగడం కాదు, మనిషి ప్రాణం పోతుంది. పూర్తి శరీరానికి తొడిగే హార్నెస్, దాన్ని టవర్‌కి తగిలించే రెండు లాన్యార్డులు (కొక్కేలున్న తాళ్లు). ఒకటి కొత్త చోట తగిలించాకే రెండోది విప్పాలి. ఒక్క క్షణం కూడా మనిషి టవర్‌కి తగిలించకుండా ఉండకూడదు. ట్రాన్స్‌మిటర్ ఆపి, దాని ఫ్యూజు ఎక్కేవాడి జేబులో పెడతాం. కింద ఒకరు లేకుండా ఎవరూ ఎక్కరు. మబ్బు పట్టిందంటే ఆ రోజుకి పని లేదు.

గై వైర్ల బిగుతు టవర్ తయారీదారు చెప్పినంతే ఉండాలి. మామూలుగా అది తీగ తెగే బలంలో 10 శాతం దగ్గర ఉంటుంది. ఎక్కువ బిగిస్తే ఇంకా గట్టిగా నిలబడుతుందనుకోవడం తప్పు, ఆ భారమంతా కిందికి టవర్ కాళ్ల మీద పడుతుంది. ప్రతి టర్న్‌బకిల్‌లోనూ (గై వైరుని తిప్పి బిగించే మర) తిరిగిపోకుండా సేఫ్టీ వైరు ఉందో లేదో చూడాలి. వైర్ క్లిప్పులు వాడిన చోట యూ-బోల్టు వైపు ఎప్పుడూ మడిచిన పొట్టి కొస మీదే ఉండాలి. తిరగేసి బిగిస్తే బరువు మోసే తీగే నలుగుతుంది. గొట్టం కాళ్ల టవర్లలో అడుగున నీళ్లు కారిపోయే రంధ్రాలుంటాయి. మట్టో పురుగుల గూళ్లో అడ్డుపడితే కాలు లోపల నీళ్లు నిలిచి, బయటికి ఏమీ కనిపించకుండానే తుప్పు తినేస్తుంది. మేం వెళ్లిన ప్రతిసారీ ముందు చేసే పని ఆ రంధ్రాల్లో ఒక తీగ పెట్టి చూడటం.

ఎర్తింగ్‌కి రాగి తీగని గాల్వనైజ్ చేసిన కాలికి నేరుగా కట్టకూడదు. తడి తగిలితే రాగి జింకు పూతని తినేస్తుంది. మధ్యలో స్టెయిన్‌లెస్ స్టీల్ క్లాంపు ఉండాలి. ఎర్త్ రాడ్ల మధ్య దూరం రాడ్డు పొడవుకి రెండింతలుంటే మంచిది. కేబుల్ అరెస్టర్ (పిడుగు వోల్టేజీని నేలకి మళ్లించేది), కరెంటు లైన్, ఫోన్ లైన్, అన్నిటి ఎర్తూ ఒకే చోట కలవాలి. వేర్వేరు ఎర్తులుంటే పిడుగు పడ్డప్పుడు వాటి మధ్య వోల్టేజీ తేడా మన రేడియో గుండానే దారి వెతుక్కుంటుంది.

బ్యాటరీగా లెడ్ యాసిడ్‌ని 13.6 నుంచి 13.8 వోల్టుల ఫ్లోట్ (నిండాక కూడా ఛార్జర్‌కి తగిలించే ఉంచే పద్ధతి) మీద వాడుతూ వచ్చాం. వేడి గదిలో త్వరగా ముసలిదవుతుంది, 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగమవుతుందని లెక్క. తర్వాత మార్చేటప్పుడు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ పెట్టాలని ఉంది. కానీ గది సున్నా డిగ్రీల కిందికి పడే చోట దాన్ని ఛార్జ్ చేయకుండా ఆపే ఏర్పాటు ఉండి తీరాలి.

మళ్లీ మొదటినుంచి కట్టాల్సి వస్తే డూప్లెక్సర్, హార్డ్‌లైన్, ఫోల్డెడ్ డైపోల్‌లు అవే తీసుకుంటాను, రేడియోలు ఏవైనా ఫర్వాలేదు. క్యావిటీలు ట్యూన్ చేసే పరికరాలూ, టవర్ ఎక్కే శిక్షణ ఉన్నవాళ్లూ ఇంకా సమకూరని కొత్త బృందమైతే రెండు మీటర్ల జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. 70 సెంటీమీటర్ల బ్యాండ్‌తో మొదలుపెట్టండి. క్యావిటీలు చిన్నవి, ఫ్రీక్వెన్సీల మధ్య తేడా ఎక్కువ, యాంటెన్నా పొట్టిది. అప్పటికే ఉన్న ఏదైనా ఎత్తైన భవనం మీద అనుమతి దొరికితే టవర్ అవసరమే లేకుండా మొదటి రిపీటర్ నడిచిపోతుంది.