వీధి భద్రతకు ఏది మేలు: కెమెరానా, దీపమా, ఇరుగుపొరుగా?

ఒక కాలనీలో నెల తిరక్కుండా రెండు దొంగతనాలు జరిగితే, తర్వాతి కౌన్సిల్ సమావేశంలో మొదట వినిపించే మాట "కెమెరాలు పెట్టించండి" అనే. ఎవరూ కాదనరు. కెమెరా కంటికి కనిపిస్తుంది, ప్రారంభోత్సవం చేసుకోవచ్చు, ఫొటో దిగొచ్చు. ఆరిపోయిన వీధి దీపం బాగుచేస్తే రిబ్బన్ కత్తిరించడానికి ఎవరూ రారు. అయినా డబ్బు ఒక్కదానికే సరిపోతుందంటే నేను దీపం వైపే మొగ్గుతాను.

కెమెరాలు దండగ అని కాదు. 40 ఏళ్ల అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2019లో వచ్చింది. కెమెరాలున్న చోట నేరాలు సగటున 13 శాతం తగ్గాయని అందులో తేలింది. సగటును విడదీసి చూస్తే మాత్రం కథ మారుతుంది. వాహనాలు నిలిపే చోట ఫలితం బాగుంది, కొట్లాటలూ దాడులూ అయితే చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. కారు అద్దం పగలగొట్టేవాడు ముందు అటూ ఇటూ చూసుకుంటాడు. తాగి కొట్టుకునేవాడు స్తంభం మీద ఏముందో తలెత్తి చూస్తాడా?

పైగా తెర ముందు మనిషి కూర్చుని చూస్తున్న చోటే కెమెరా ఎక్కువ పనిచేసిందట. ఆ మనిషి జీతం కొనుగోలు అంచనాల్లో తరచూ కనిపించదు. చూసేవాళ్లు లేని కెమెరా దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే. దొంగను పట్టుకోవడానికి ఆ రికార్డింగ్ అక్కరకొస్తుంది, నిజమే. కానీ అది నేరం జరిగాక సంగతి.

ఇక దీపం. 2016లో న్యూయార్క్‌లో ప్రభుత్వ గృహ సముదాయాలను లాటరీ పద్ధతిలో ఎంచి, కొన్నింటిలో ఆరు నెలలు పెద్ద దీపాల టవర్లు పెట్టారు. రాత్రిపూట ఆరుబయట జరిగే తీవ్ర నేరాలు సుమారు 36 శాతం తగ్గాయి. అమెరికా, బ్రిటన్‌లలో అంతకుముందు జరిగిన పాత అధ్యయనాల్లో ఇంకో విచిత్రం ఉంది: వెలుగు పెంచిన కొన్ని వీధుల్లో పగటి నేరాలు కూడా తగ్గాయి. పగలు దీపం ఏం చేస్తుంది? ఈ వీధిని ఎవరో పట్టించుకుంటున్నారన్న సంగతి అక్కడి వాళ్లకూ, బయటి నుంచి వచ్చేవాడికీ అర్థమై ఉండాలని పరిశోధకుల ఊహ. నాకూ అదే సబబనిపిస్తుంది.

అయితే దీపం వెలిగితే చాలు, దొంగ పారిపోతాడనుకోకూడదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 62 స్థానిక కౌన్సిళ్ల పరిధిలో వీధి దీపాలు తగ్గించినా, అర్ధరాత్రి తర్వాత ఆపేసినా నేరాలు పెరిగిన ఆధారాలు కనిపించలేదని 2015లో ఒక అధ్యయనం చెప్పింది. రెండూ కలిపి చూస్తే నాకు తోచేది ఇది: మనుషులు తిరిగే వేళ, తిరిగే దారిలో వెలుగు విలువైనది. అందరూ నిద్రపోయే సందులో తెల్లవార్లూ వెలిగే దీపం దొంగకు కూడా దారి చూపిస్తుంది.

ఇందులో ఎక్కడైనా కనిపించే చిక్కు ఒకటుంది. బస్ స్టాప్ నుంచి ఇళ్లకు వెళ్లే దారిలో దీపం ఉంటుంది, వెలుగుతూనే ఉంటుంది. కింద చెట్టు కొమ్మ పెరిగి వెలుగంతా ఆకుల మీదే ఆగిపోతుంది, దారి మాత్రం చీకటి. కావలసింది కొత్త స్తంభం కాదు, కొమ్మ కొట్టే కత్తెర. చెట్టు ఒక విభాగానిది, దీపం ఇంకో విభాగానిది కావడంతో ఆ కత్తెర రాదు.

ఇరుగుపొరుగు కాపలా సంగతికొస్తే, ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్ పట్టణంలో కిర్క్‌హోల్ట్ అనే కాలనీ కథ చెప్పుకోవాలి. 1980ల మధ్యలో అక్కడ ఇళ్లలో దొంగతనాలు విపరీతం. ఆరా తీస్తే రెండు సంగతులు బయటపడ్డాయి. ఒకసారి దొంగ పడ్డ ఇంట్లోనే మళ్లీ పడుతున్నాడు. నాణెం వేస్తేనే గ్యాస్, కరెంటు వచ్చే మీటర్లు ఆ ఇళ్లలో ఉండేవి, వాటిలో పోగైన నాణేల కోసం చాలా ఇళ్లను కొల్లగొడుతున్నారు. అందుకని కాలనీ మొత్తానికి కాపలా పెట్టలేదు. దొంగ పడ్డ ఇంట్లో నాణేల మీటరు తీసేశారు, తలుపులూ కిటికీలూ గట్టి చేశారు. చుట్టూ ఉన్న ఐదారు ఇళ్ల వాళ్లను ఆ ఇంటి మీద ఓ కన్నేసి ఉంచమన్నారు. మూడేళ్లలో దొంగతనాలు దాదాపు నాలుగో వంతుకు పడిపోయాయి. ఖర్చూ తక్కువే. కాకపోతే ప్రతి కాలనీలో ఇంత తెలివిగా జరగదు. బోర్డు పెట్టి, ఫోన్‌లో గ్రూపు పెట్టి వదిలేస్తే రెండు నెలల్లో ఉత్సాహం చల్లారుతుంది. లేదా కొత్తగా అద్దెకు వచ్చినవాళ్లను నిలదీయడమే కాపలా అయిపోతుంది. కాపలా సంఘాలు తేలిగ్గా నిలబడేది కూడా ఇప్పటికే ప్రశాంతంగా ఉన్న చోట్లే.

భద్రతతో పాటు మనుషుల మనసు కూడా కుదుటపడాలంటే ఈ మూడింటి కన్నా నాకు నచ్చిన పని ఇంకొకటి: ఖాళీ స్థలాలు బాగుచేయడం. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో 541 పాడుబడ్డ స్థలాలు తీసుకుని కొన్నింట్లో చెత్త తీసి, గడ్డి పరిచి, నాలుగు మొక్కలు నాటి, పొట్టి కర్ర కంచె కట్టారు. పేద పేటల్లో తుపాకీ హింస 29 శాతం తగ్గింది. అలాంటి స్థలాల పక్కన ఉండేవాళ్లలో దిగులుగా ఉందని చెప్పినవాళ్లు 40 శాతానికి పైగా తగ్గారు. కెమెరా ఎవరి దిగులూ తీర్చదు.

కాబట్టి నా వరస ఇది: నడిచే దారిలో దీపం, పాడు స్థలం శుభ్రం, దొంగ పడ్డ ఇంటి చుట్టూ కాపలా, వాహనాలు నిలిపే చోట కెమెరా. రాత్రి కొట్లాటలే మీ ఊరి బెడద అయితే ఇవేవీ సరిపోవు. అందుకు వేల్స్‌లోని కార్డిఫ్ నగరంలో చేసినట్టు ఆసుపత్రిని అడగాలి. అక్కడ ఎమర్జెన్సీ కౌంటర్ దగ్గర గాయపడి వచ్చినవాళ్లను ఏ చోట, ఏ వేళ, దేనితో కొట్టారని అడిగి, పేర్లు తీసేసి ఆ వివరాలు కౌన్సిల్‌కూ పోలీసులకూ ఇచ్చేవారు. అందులో చాలా గొడవలు పోలీసుల లెక్కల్లోకి ఎక్కనే లేదు.