లిమిటెడ్ కంపెనీయా, అంబ్రెల్లానా? యూకేలో కాంట్రాక్టింగ్ మొదలుపెట్టేవాళ్ళకి ఏది మేలు?

ఈ నెలలో నన్ను నలుగురు ఇదే అడిగారు. లిమిటెడ్ అంటే మీరే సొంత కంపెనీ పెట్టుకుని దాని ద్వారా బిల్లు వేయడం, అంబ్రెల్లా అంటే ఒక మధ్యవర్తి కంపెనీలో ఉద్యోగిగా చేరి దాని ద్వారా క్లయింట్‌కి పని చేయడం. మొన్న రీడింగ్‌లో ఒక బారసాలకి వెళ్తే, ప్లేటు చేతిలో ఉండగానే ఒక తమ్ముడు పక్కకి పిలిచి, "అన్నా, ఆరు నెలల కాంట్రాక్ట్ వచ్చింది, రోజుకి 450. లిమిటెడ్ ఓపెన్ చేస్తే ట్రైన్ టికెట్లు, లాప్‌టాప్, సూటు అన్నీ ఎక్స్‌పెన్సెస్‌లో పెట్టుకోవచ్చంట కదా, అందుకే అంబ్రెల్లా కంటే లిమిటెడ్డే మేలంటున్నారు, నిజమేనా?" అన్నాడు. అక్కడ నిలబడి చెప్పేంత చిన్న విషయం కాదు. నేను కూడా ఏడాది పాటు అంబ్రెల్లాలో చేసి, ఈ ఏప్రిల్‌లోనే లిమిటెడ్‌కి మారాను కాబట్టి నా లెక్కలన్నీ ఇక్కడ పెడుతున్నాను.

ముందు వీసా సంగతి. స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవాళ్ళు ఉద్యోగం స్పాన్సర్ దగ్గరే చేయాలి కాబట్టి ఐఎల్ఆర్ (శాశ్వత నివాస అనుమతి) వచ్చేదాకా ఈ ఆలోచన పక్కన పెట్టండి. డిపెండెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకి ఆ ఇబ్బంది లేదు.

ఇక అసలు విషయం. ఎక్స్‌పెన్సెస్ చూసి లిమిటెడ్ పెట్టకండి. మొదట చూడాల్సింది మీ కాంట్రాక్ట్ ఐఆర్35 లోపలా, బయటా అన్నది. ఐఆర్35 అంటే పేరుకి కాంట్రాక్టర్ అయినా పని తీరు ఉద్యోగిలా ఉంటే ఉద్యోగిలాగే టాక్స్ పట్టే చట్టం, దాని కిందకి వస్తే లోపల (ఇన్‌సైడ్), రాకపోతే బయట (అవుట్‌సైడ్). ఈ చట్టం 2000 ఏప్రిల్ నుంచి ఉంది, కానీ మనకి గట్టిగా తగిలింది 2021 ఏప్రిల్ నుంచి, ఎందుకంటే అప్పటి నుంచి ప్రైవేట్ రంగంలో కూడా పెద్ద, మధ్య స్థాయి క్లయింట్లే ఆ నిర్ణయం తీసుకుని స్టేటస్ డిటర్మినేషన్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలి. చిన్న కంపెనీ క్లయింట్ అయితే నిర్ణయం మీ కంపెనీదే, తప్పయితే కట్టాల్సింది కూడా మీ కంపెనీయే. ఇన్‌సైడ్ అని వస్తే లిమిటెడ్ పెట్టినా మీ డబ్బు జీతంలాగే టాక్స్ పట్టుకుని వస్తుంది, పైన అకౌంటెంట్ ఫీజు దండగ. అప్పుడు ఇంకేం ఆలోచించకుండా మంచి అంబ్రెల్లా చూసుకుని చేరిపోవచ్చు.

ఏజెంట్ ఫోన్‌లో "అవుట్‌సైడే" అన్నాడని సంబరపడిపోకండి, కాగితం అడగండి. కాగితంతో పాటు పని తీరు కూడా చూసుకోండి. రోజూ స్టాండప్‌లో మేనేజర్ మీకు పని పంచుతుంటే, సెలవు కావాలంటే ఆయన్ని అడగాల్సి వస్తే, మీ బదులు ఇంకొకరిని పంపే వీలు కాంట్రాక్ట్‌లో ఉన్నా ఆచరణలో లేకపోతే, టాక్స్ శాఖ హెచ్‌ఎంఆర్‌సీ చూసేది ఆ ఆచరణనే.

సరే, అవుట్‌సైడ్ అని కాగితం చేతికి వచ్చింది అనుకుందాం. రోజుకి 450 పౌండ్లు, ఏడాదికి 220 రోజులు, మొత్తం 99,000. ఈ ఏడాది రేట్లతో, అంటే డివిడెండ్ (కంపెనీ లాభంలోంచి వాటాదారు తీసుకునే డబ్బు) మీద టాక్స్ బేసిక్ బ్యాండ్‌లో (తక్కువ రేటు పడే ఆదాయం దాకా) 10.75 శాతం, హయ్యర్ బ్యాండ్‌లో (దాని పైన) 35.75 శాతం అయ్యాక, నేను వేసుకున్న లెక్క ఇది.

అంబ్రెల్లాలో వాళ్ళ మార్జిన్ ఏడాదికి 1,100 పోతుంది. ఆ తర్వాత ఎంప్లాయర్ నేషనల్ ఇన్సూరెన్స్ (ఎన్ఐ, జీతం మీద కట్టే సామాజిక భద్రత పన్ను) 15 శాతం, అప్రెంటిస్‌షిప్ లెవీ అర శాతం కూడా మీ రేటులోంచే పోతాయి. చాలామందికి షాక్ తగిలేది ఇక్కడే. నిరుడు నా తొలి పేస్లిప్ చూసినప్పుడు 20 రోజుల పనికి 400 చొప్పున 8,000 రావాలి కదా, గ్రాస్ జీతమే 6,900 కూడా లేదేంటని అరగంట కూర్చుని లెక్కలు వేశాను. ఎవరూ మోసం చేయలేదు, ఏజెంట్ చెప్పింది అసైన్‌మెంట్ రేటు, నేను అనుకున్నది జీతం. ఈ 99,000లో గ్రాస్ జీతం సుమారు 85,400, టాక్స్, ఎన్ఐ పోగా చేతికి వచ్చేది సుమారు 60,100.

లిమిటెడ్‌లో జీతం 12,570, దాని మీద కంపెనీ కట్టే ఎన్ఐ 1,135, అకౌంటెంట్, ఇన్సూరెన్స్, సాఫ్ట్‌వేర్ వగైరా ఒక 4,000 అనుకోండి. మిగిలిన 81,300 లాభం మీద కార్పొరేషన్ టాక్స్ సుమారు 17,800. లాభం 50,000 దాటాక అదనంగా వచ్చే ప్రతి పౌండు మీదా 26.5 శాతం పడుతుంది, అందరూ చెప్పే 19 శాతం అక్కడిదాకానే. చివరికి మిగిలేది 63,500. అదంతా అదే ఏడాది మీ ఒక్కరి పేరు మీద డివిడెండ్‌గా తీసేస్తే 13,200 డివిడెండ్ టాక్స్ పోయి, జీతంతో కలిపి చేతికి వచ్చేది సుమారు 62,800.

చూశారా? తేడా 2,700 పౌండ్లే. ఇంత తక్కువ కోసం ఏడాది పొడవునా బుక్‌కీపింగ్, వ్యాట్ రిటర్న్‌లు, కంపెనీల రిజిస్ట్రార్ అయిన కంపెనీస్ హౌస్‌కి పంపే ఫైలింగ్‌ల టెన్షన్ ఎందుకు అనిపిస్తే నేను తప్పు పట్టను. పదేళ్ళ కిందట లిమిటెడ్ పెట్టిన మన సీనియర్లు చెప్పే లాభాలు అప్పటి రేట్లవి. 2016లో 5,000 పౌండ్ల దాకా డివిడెండ్ మీద టాక్స్ లేదు, ఇప్పుడు ఆ మినహాయింపు 500.

కాబట్టి నా ఉద్దేశంలో తేల్చేది ఒకే ప్రశ్న: సంపాదించిందంతా ఈ ఏడాదే ఇంటికి తెచ్చుకోవాలా, అవసరం లేదా? అవసరం లేకపోతే లిమిటెడ్ చాలా మేలు. అదే 63,500లో 37,700 మాత్రమే తీసుకుంటే మీ ఆదాయం బేసిక్ బ్యాండ్ దాటదు, డివిడెండ్ టాక్స్ సుమారు 4,000 పోయి చేతికి 46,000 పైన వస్తుంది, 25,800 కంపెనీ ఖాతాలో ఉండిపోతుంది. ఇంటి ఖర్చుకి నెలకి 3,800 సరిపోయే కుటుంబానికి హయ్యర్ రేటే తగలదు. ఐఎల్ఆర్ వచ్చి చైల్డ్ బెనిఫిట్ తీసుకుంటున్నవాళ్ళకి ఇంకో లాభం, ఆదాయం 60,000 దాటకపోతే అది మొత్తం మీకే ఉంటుంది, 80,000 చేరితే మొత్తం పోతుంది. అంబ్రెల్లాలో ఆ 85,400 జీతానికి అది పోయినట్టే, పెన్షన్‌లోకి పెద్ద మొత్తం వేస్తే తప్ప.

ఆ 25,800 ఎప్పటికైనా తీయాలి కదా, అప్పుడు టాక్స్ పడదా అని అడుగుతారు. పడుతుంది, కానీ ఎప్పుడు తీయాలో మీ చేతిలో ఉంటుంది. కాంట్రాక్టర్‌కి ఖాళీ నెలలు తప్పవు. కాంట్రాక్ట్ డిసెంబర్‌లో అయిపోయి కొత్తది మార్చి దాకా దొరకనప్పుడు, అమ్మానాన్నల దగ్గర రెండు నెలలు ఉండి రావాలనుకున్నప్పుడు, రెండో బిడ్డ పుట్టినప్పుడు ఆదాయం తగ్గుతుంది, ఆ ఏడాది ఈ డబ్బు తక్కువ రేటుకే బయటకి వస్తుంది. లేదంటే కంపెనీ నుంచే నేరుగా మీ పెన్షన్‌లోకి వేయొచ్చు, ఏడాదికి 60,000 పరిమితి లోపు కార్పొరేషన్ టాక్స్ కూడా తగ్గుతుంది.

ఇక మన ఇళ్ళల్లో ఎక్కువగా కనిపించేది, ఒకరే సంపాదిస్తూ భార్యో భర్తో పిల్లలతో ఇంట్లో ఉండటం. ఇక్కడ లిమిటెడ్‌కి అంబ్రెల్లా సాటి రాదు. షేర్లు చెరి సగం ఉంటే, ఇంకే ఆదాయం లేని జీవిత భాగస్వామికి 12,570 దాకా టాక్సే లేదు. పైన చెప్పిన 63,500 ఇద్దరికీ పంచితే డివిడెండ్ టాక్స్ 13,200 నుంచి సుమారు 5,400కి దిగుతుంది, ఇంటికి వచ్చేది 70,700. అంబ్రెల్లా కంటే పది వేల పైన ఎక్కువ. ఇది దొడ్డిదారి కాదు. ఇలాగే షేర్లు పంచుకున్న దంపతుల ఆర్కిటిక్ సిస్టమ్స్ కేసు 2007లో, అప్పట్లో అత్యున్నత కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్ళి వాళ్ళ పక్షాన తేలింది. కాకపోతే అవి ఓటు హక్కుతో సహా అన్ని హక్కులూ ఉన్న ఆర్డినరీ షేర్లు అయి ఉండాలి, డివిడెండ్ నిజంగా ఆ భాగస్వామి ఖాతాలోకే వెళ్ళాలి, ఆ డబ్బు వాళ్ళదే కావాలి. మా ఇంట్లో చెరి 50 షేర్లు. మా ఆవిడ ఖాతాలో డివిడెండ్ పడిన రోజు మెసేజ్ చూసి, "ఇది నాదేనా, అడక్కుండా వాడుకోవచ్చా?" అంది. "నీదే" అన్నాను. చట్టం అడిగేదీ అదే.

ఎక్స్‌పెన్సెస్ ఎంత మిగులుస్తాయో కూడా చెప్తాను. సూటు రాదు, ఆఫీసుకి వేసుకునే మామూలు బట్టలేవీ రావు. క్లయింట్‌ని భోజనానికి తీసుకెళ్తే బిల్లు కంపెనీ కట్టొచ్చు, టాక్స్ మాత్రం తగ్గదు. ఇండియా టికెట్లు అసలు అడగకండి. లాప్‌టాప్, కంపెనీ పేరు మీద తీసుకున్న మొబైల్ కాంట్రాక్ట్, ఇంటి నుంచి పనికి వారానికి 6 పౌండ్లు, 50 పౌండ్లు దాటని గిఫ్ట్ కార్డులు డైరెక్టర్‌కి ఏడాదికి 300 దాకా, ఇవన్నీ వస్తాయి. కంపెనీ పెట్టకముందు దాని కోసం పెట్టిన ఖర్చూ వస్తుంది, రసీదు ఉంటే.

వీటిలో బరువైనది ప్రయాణం ఒక్కటే. నేను వారానికి రెండు రోజులు కారులో క్లయింట్ ఆఫీసుకి వెళ్తాను, రానుపోను 90 మైళ్ళు. మైలుకి 45 పెన్నీలు, అంటే వారానికి 81 పౌండ్లు కంపెనీ నాకు టాక్స్ లేకుండా ఇస్తుంది, ఏడాదికి 3,500 పైన. తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని మైళ్ళు అని అదే రోజు రాత్రి ఫోన్‌లో రాసుకుంటాను. అదే చోటికి 24 నెలలకి మించి వెళ్ళబోతున్నారని తెలిసిన రోజు నుంచే ఇది ఆగిపోతుంది, 24 నెలలు నిండేదాకా కూడా కాదు. అంబ్రెల్లాలో ఇంటి నుంచి క్లయింట్ దగ్గరికి వెళ్ళే ఖర్చు 2016 నుంచి దాదాపు ఎవరికీ రావట్లేదు. ఎక్స్‌పెన్సెస్‌లో చెప్పుకోదగ్గ తేడా ఇదే, మీ పని పూర్తిగా ఇంటి నుంచే అయితే అదీ లేదు.

వ్యాట్ గురించి ఒక హెచ్చరిక. 12 నెలల్లో 90,000 దాటితే రిజిస్టర్ కావాల్సిందే. నా తొలి ఇన్వాయిస్ 9,000, వ్యాట్ 1,800 కలిపి 10,800 పడింది. ఖాతాలో కనిపించినంతా మనదే అనిపిస్తుంది, కాదు. నేను డబ్బు పడిన రోజే వ్యాట్‌ని, కార్పొరేషన్ టాక్స్ కోసం పాతిక శాతాన్ని వేరే సేవింగ్స్ ఖాతాలోకి పంపేస్తాను. కార్పొరేషన్ టాక్స్ కట్టడానికి ఏడాది ముగిశాక తొమ్మిది నెలల ఒక రోజు గడువు ఉంటుంది, ఆలోపు ఆ డబ్బుతో కారు కొనేసి అప్పుల పాలైనవాళ్ళు నాకు తెలుసు. ఫ్లాట్ రేట్ స్కీమ్‌లో (వ్యాట్ కలిపిన బిల్లు మొత్తం మీద ఒకే శాతం కట్టే పద్ధతి) మనలాంటి వాళ్ళకి 16.5 శాతం, 10,800 మీద అది 1,782, మిగిలేది 18 పౌండ్లు.

అంబ్రెల్లాని తక్కువ చేయట్లేదు. మూడు నెలల కాంట్రాక్ట్‌కి, మొదటిసారి దిగేవాళ్ళకి, జీతమంతా ఇంటి లోన్‌కే పోయేవాళ్ళకి అదే ప్రశాంతం. కానీ "85 శాతం చేతికిస్తాం" అని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి, అందులో కొంత లోన్‌గానో అడ్వాన్స్‌గానో ఇస్తారు, తర్వాత ఆ టాక్స్ మీ మెడకే చుట్టుకుంటుంది. 2026 ఏప్రిల్ నుంచి అంబ్రెల్లా ఎగ్గొట్టిన పేయీకి (జీతంలోంచే పట్టుకుని కట్టాల్సిన టాక్స్, ఎన్ఐకి) ఏజెన్సీ కూడా బాధ్యత వహించాలి కాబట్టి పరిస్థితి కొంత మెరుగు.

సోల్ ట్రేడర్‌గా, అంటే కంపెనీ లేకుండా సొంత పేరు మీద, చేయొచ్చా అంటే, ఏజెన్సీలు మామూలుగా ఒప్పుకోవు. ఫిక్స్‌డ్ టర్మ్ అంటే గడువున్న ఉద్యోగమే, సెలవులూ పెన్షనూ వస్తాయి, రేటు తక్కువ.

ఆ తమ్ముడికి సోమవారం ఫోన్ చేశాను. స్టేటస్ కాగితం ఇంకా రాలేదట, భార్య నర్సుగా ఫుల్ టైమ్ చేస్తోందట, అక్టోబర్‌లో ఇల్లు కొనాలని డిపాజిట్ కూడబెడుతున్నారట. "అయితే ఈ ఆరు నెలలు అంబ్రెల్లాలో ఉండు, ఇల్లు అయ్యాక రెన్యువల్ టైమ్‌లో మళ్ళీ చూద్దాం" అన్నాను.