క్రమపాఠి, ఘనపాఠి

చెన్నైలో శుభలేఖ అచ్చు వేయించే తెలుగువాళ్లు వేదపండితుల ఈ రెండు బిరుదులనూ కలిపేస్తుంటారు. వేదం నేర్చేటప్పుడు సంహిత (మంత్రం ఉన్నది ఉన్నట్టు), పదం (పదాలు విడదీసి) అయ్యాక వచ్చేది క్రమం: 1-2, 2-3, 3-4 అంటూ పదాలను జంటలుగా చెప్పాలి. అది వచ్చినవారు క్రమపాఠి. ఆపై జట (1-2, 2-1, 1-2) కూడా దాటి ఘనం నేర్చినవారు ఘనపాఠి. ఘనంలో మూడు పదాలు చెప్పాలంటే 1-2, 2-1, 1-2-3, 3-2-1, 1-2-3, అంటే 13 ఉచ్చారణలు. తిరగేసినప్పుడల్లా సంధి, స్వరం మారతాయి. తప్పులు దొర్లేదీ అక్కడే.

పెళ్లి చేయించడానికి ఘనపాఠే కావాలని పట్టుబట్టడం అనవసరం. ప్రయోగం, అంటే కర్మలు చేయించే పద్ధతి, వేరే చదువు. మీ సూత్రం (మీ ఇంట్లో కర్మలకు పాటించే గ్రంథం) తెలిసిన క్రమపాఠి చాలు. ఘనపారాయణకైతే ఘనపాఠి తప్పనిసరి.

మాటల్లో గడుసువాణ్ణి ‘ఘనాపాఠి’ అంటాం, క్రమపాఠి అనం. తమిళంలో క, గ, ఘలకు ఒకటే అక్షరం కాబట్టి తెలుగు ప్రూఫులో ‘ఘ’, ‘ఠ’ సరిచూడండి.