ముక్తినాథ్ దారిలో జీపు దిగి నడిస్తే

నేపాల్‌లో జోమ్‌సోమ్ నుంచి ముక్తినాథ్ గుడి దాకా ఇప్పుడు జీపులు తిరుగుతున్నాయి. చాలామంది పొద్దున్నే ఎక్కి, 108 ధారల కింద తడిసి, దర్శనం చేసుకుని సాయంత్రానికి దిగిపోతారు. ఓపిక ఉన్నవాళ్లు మాత్రం కొంతదూరమైనా నడవండి. ఆ దారిలో రాళ్లను చూడటానికే నడవచ్చు.

జోమ్‌సోమ్‌లో తలెత్తితే 7,061 మీటర్ల నీలగిరి శిఖరం. దాని గోడ మీద సున్నపురాయి పొరలు పెద్ద పెద్ద మడతలు పడి కనిపిస్తాయి. ఒకప్పుడు ఇక్కడుండిన టెథిస్ అనే సముద్రం అడుగున చదునుగా పేరుకున్న పొరలవి. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట భారతదేశాన్ని మోస్తున్న భూఫలకం వచ్చి ఆసియాను ఢీకొంది. ఆ నెట్టుడుకే పొరలు మడతలు పడ్డాయి, అది ఇప్పటికీ ఆగలేదు.

అక్కణ్నుంచి కాగ్‌బేని ఊరి వరకు కాలిగండకి నది ఒడ్డునే నడక. దారిలో ఒకాయన గుండ్రటి నల్లరాయిని సుత్తితో మెల్లగా తట్టి రెండు చెక్కలు చేసి చూపించాడు. ఒకదాంట్లో చుట్టలు తిరిగిన గుల్ల, దాని మీద దువ్వెన పళ్లలా గీతలు. రెండోదాంట్లో అదే అచ్చు, లోతుగా. సాలగ్రామంలో మనం చక్రం అని మొక్కే గుర్తు అదే. అమ్మోనైట్ అనే సముద్రజీవి శిలాజం, జురాసిక్ కాలపు నల్ల షేల్ (బురద గట్టిపడి ఏర్పడిన పెళుసు రాయి) పొరల్లోంచి నదిలోకి వచ్చింది. ఆ జీవులు 6.6 కోట్ల ఏళ్ల కిందటే అంతరించాయి. ఇదంతా తెలిశాక సాలగ్రామం మీద నాకు భక్తి ఇంకా పెరిగింది.

పదకొండు దాటిందంటే లోయలో ఈదురుగాలి మొదలవుతుంది. ఎండకు ఉత్తరాన టిబెట్ పీఠభూమి వేడెక్కి గాలిని లాక్కుంటుంది మరి. జోమ్‌సోమ్ విమానాలు పొద్దున పూటే నడిచేది అందుకే. మీరూ పెందలాడే బయల్దేరండి.

బసకి నా ఓటు కాగ్‌బేనికే. ఎత్తు 2,800 మీటర్లే కాబట్టి నిద్ర పడుతుంది. గుడి కింద ఉన్న రాణిపౌవా 3,700 మీటర్లు. నేరుగా అక్కడికెళ్లి పడుకుంటే తలనొప్పి ఖాయం. పైన మేం దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లు మాత్రం చెప్పినట్టు రాలేదు. భోజనం దిగినచోటే చేయాలని అందరూ ఆశిస్తారు. దాల్‌భాత్ (పప్పు, అన్నం) మారు వడ్డిస్తారు, దిగులక్కర్లేదు.

ముక్తినాథ్‌లో జ్వాలామాయి గుడి వదలొద్దు. రాళ్ల సందుల్లోంచి వచ్చే సహజవాయువు నీళ్ల పక్కనే నీలంగా మండుతుంటుంది.

దిగేటప్పుడు లుప్రా అనే ఊరి మీదుగా రండి, జీపుల దుమ్ము ఉండదు. షేల్ వాలు జారుతుంది, చేతికర్ర తప్పనిసరి. కింద వాగు దాటాలి. వానపడితే ముందు ఊళ్లోవాళ్లని అడగండి.