కెర్నల్ బిల్డ్‌కి క్లాంగ్: అన్నీ బాగున్నాయి, లైబ్రరీ కాల్స్ దగ్గరే జాగ్రత్త

కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) కంపైల్ చేయడానికి జీసీసీ అనే సీ కంపైలర్ నుంచి క్లాంగ్ అనే ఇంకో కంపైలర్‌కి మారొచ్చా అంటే, ధైర్యంగా మారొచ్చు. 2017లో వచ్చిన పిక్సెల్ 2 ఫోన్‌లో నడిచింది క్లాంగ్‌తో బిల్డ్ చేసిన లినక్స్ కెర్నలే. మేక్ కమాండ్‌కి ‘ఎల్ఎల్‌వీఎం=1’ అని తగిలిస్తే కంపైలర్, లింకర్ (కంపైలైన ముక్కల్ని కలిపేది), మిగతా పనిముట్లు అన్నీ క్లాంగ్ పుట్టిన ఎల్ఎల్‌వీఎం ఇంటివే వాడుతుంది. ఆర్మ్ బోర్డు కోసం విడిగా క్రాస్ కంపైలర్ (వేరే రకం ప్రాసెసర్‌కి కోడ్ తయారుచేసేది) దించుకునే బాధ కూడా లేదు, ఉన్న క్లాంగే ఆ కోడ్ కూడా తయారుచేస్తుంది. ఇబ్బంది పెట్టేది ఒకే ఒక్క విషయం: మీరు రాయని ఫంక్షన్‌ని అది పిలుస్తుంది.

ఎలాగో చూడండి. స్ప్రింట్‌ఎఫ్‌కి ‘%ఎస్’ ఒక్కటే ఫార్మాట్‌గా ఇచ్చి, అది తిరిగిచ్చిన సంఖ్యని (రాసిన అక్షరాల లెక్క) వాడుకున్నారనుకుందాం. ఫార్మాట్ చదివే పనేమీ లేదు, ఇది ఉత్త స్ట్రింగ్ కాపీ అని క్లాంగ్ పసిగడుతుంది. కాపీ చేసి చివరి సున్నా బైట్ అడ్రస్ ఇచ్చే ఎస్‌టీపీసీపీవైని పిలిచి, అందులోంచి మొదటి అడ్రస్ తీసేస్తే కావలసిన సంఖ్య వచ్చేస్తుంది. మామూలు ప్రోగ్రామ్‌కి ఇది చక్కటి ఆదా, ఎందుకంటే ఆ ఫంక్షన్ సీ లైబ్రరీలో సిద్ధంగా ఉంటుంది. కెర్నల్‌కి సీ లైబ్రరీ ఎక్కడిది? కంపైల్ అంతా సాఫీగా అయిపోయి, చివర్లో లింకర్ ‘అన్‌డిఫైన్డ్ సింబల్’ అని ఆగిపోతుంది. సోర్స్ అంతా గ్రెప్‌తో వెతికినా ఆ పేరు దొరకదు.

2020లో లినక్స్‌కి జరిగింది సరిగ్గా ఇదే. ఆ ఫంక్షన్‌ని లిబ్ డైరెక్టరీలోని స్ట్రింగ్ ఫైల్‌లో రాసి, మనుషులెవరూ నేరుగా వాడకుండా హెడర్‌లో మాత్రం పెట్టలేదు. అంతకు ముందు 2019లో బీసీఎంపీ వంతు: మెమ్‌కంపేర్ ఫలితాన్ని సున్నాతో మాత్రమే పోలిస్తే, ఏది పెద్దదో తేల్చే పని అక్కర్లేదు కాబట్టి చవకైన ఆ కాల్ పెట్టేస్తుంది. 2025లో డబ్ల్యూసీఎస్‌లెన్. రెండు బైట్ల అక్షరాలు లెక్కపెట్టే మామూలు లూప్‌ని గుర్తుపట్టి ఆ పేరుతో కాల్‌గా మార్చింది. ఈసారి ఫంక్షన్ రాయకుండా, ‘-ఎఫ్‌నో-బిల్టిన్-డబ్ల్యూసీఎస్‌లెన్’ అని మేక్‌ఫైల్‌లో చేర్చారు. పేరు పెట్టి ఆపడమే మంచి పద్ధతి.

చాలామంది, సీ లైబ్రరీ లేదని కంపైలర్‌కి చెప్పే ‘-ఎఫ్‌ఫ్రీస్టాండింగ్’ పెట్టేసి చేతులు దులుపుకుంటారు. దాంతో ఈ మార్పులు ఆగేమాట నిజమే, లైబ్రరీ ఫంక్షన్ల గురించి తనకు తెలిసింది వాడొద్దని చెప్పే ‘-ఎఫ్‌నో-బిల్టిన్’ని కూడా అది వెంట తెస్తుంది. కానీ మూల్యం ఉంది: తెలిసిన స్ట్రింగ్ పొడవు కంపైల్ సమయంలో తేలదు, ఎనిమిది బైట్ల మెమ్‌కాపీ ఒక్క మూవ్ ఇన్‌స్ట్రక్షన్‌తో పోయేది పూర్తి ఫంక్షన్ కాల్ అవుతుంది. ఆ ఫ్లాగ్ తప్పనిసరైతే, మెమ్‌కాపీని ‘__బిల్టిన్_మెమ్‌కాపీ’కి మాక్రోగా మళ్లించండి, పోయిన వేగం చాలావరకు తిరిగొస్తుంది.

ఫ్రీస్టాండింగ్ పెట్టినా నాలుగు ఫంక్షన్లు మీరే ఇవ్వాలి: మెమ్‌కాపీ, మెమ్‌మూవ్, మెమ్‌సెట్, మెమ్‌కంపేర్. పెద్ద స్ట్రక్చర్‌ని ఇంకోదానికి కేటాయించినా, అరేని సున్నాలతో మొదలుపెట్టినా ఇవి అడుగుతుంది. జీసీసీ పత్రాల్లోనూ ఇదే మాట ఉంది. వీటిని సీలో రాసేటప్పుడు గోతిలో పడే చోటు ఇది: మెమ్‌సెట్ లోపల ఉన్న బైట్ లూప్‌ని చూసి, ‘ఇది మెమ్‌సెట్టే కదా’ అని కంపైలర్ మళ్లీ మెమ్‌సెట్ కాల్ పెడుతుంది. మెషీన్ కోడ్ చూపించే ఆబ్జ్‌డంప్‌లో చూస్తే ఫంక్షన్ తన తలకే దూకుతూ కనిపిస్తుంది, బూట్ అక్కడే ఆగిపోతుంది. జీసీసీ 10 నుంచి ఈ మార్పు -ఓ2 ఆప్టిమైజేషన్ స్థాయిలోనే ఆన్ అయి ఉంటుంది, ఆ ఒక్క ఫైల్‌కి ‘-ఎఫ్‌నో-ట్రీ-లూప్-డిస్ట్రిబ్యూట్-ప్యాటర్న్స్’ ఇవ్వండి. ఈ విషయంలో క్లాంగ్ మెరుగు: ఫంక్షన్ పేరు మెమ్‌సెట్ లేదా మెమ్‌కాపీ అయితే దాన్ని ముట్టుకోదు. లూప్‌ని వేరే పేరుతో సహాయక ఫంక్షన్‌లో దాస్తే మాత్రం ఆ రక్షణ పోతుంది.

మిగతా ఫ్లాగులు ఏ కంపైలర్‌కైనా ఒకటే. 64 బిట్ ఎక్స్86లో ‘-ఎమ్‌నో-రెడ్-జోన్’ మరిచిపోతే, స్టాక్ పాయింటర్ కింద కంపైలర్ వాడుకునే 128 బైట్లని ఇంటరప్ట్ తొక్కేస్తుంది. అది రోజుకో చోట కనిపించే బగ్, వెతకడం నరకం. 32 బిట్‌లో 64 బిట్ భాగహారం రాస్తే ‘__యూడివ్‌డీఐ3’ అనే సహాయక ఫంక్షన్ అడుగుతుంది, లినక్స్‌లో అయితే డూ_డివ్ వాడాలి. ఉబుంటు జీసీసీతో సొంత కెర్నల్ రాసేవాళ్లు ‘-ఎఫ్‌నో-స్టాక్-ప్రొటెక్టర్’, ‘-ఎఫ్‌నో-పై’ కూడా చేర్చాలి, అక్కడ స్టాక్ ప్రొటెక్టర్, పై రెండూ ముందే ఆన్‌లో ఉంటాయి.

క్లాంగ్ వెర్షన్ మార్చిన ప్రతిసారీ, లింక్ చేసేముందు ఆబ్జెక్ట్ ఫైళ్ల మీద, బయటినుంచి కావలసిన పేర్లు చూపే ‘ఎన్ఎమ్ -యూ’ నడిపి, పాత వెర్షన్ జాబితాతో పోల్చండి. కొత్త పేరు కనిపిస్తే అది కంపైలర్ పుట్టించిందే. ఫంక్షన్ మీరే రాసి ఇవ్వాలనుకుంటే మాడ్యూల్స్‌కి అందేలా ఎక్స్‌పోర్ట్ చేయడం మరవొద్దు. లేకపోతే ప్రధాన కెర్నల్ లింక్ అవుతుంది, మాడ్యూల్స్ దగ్గర వాటిని తనిఖీ చేసే మోడ్‌పోస్ట్ అదే పేరుతో మళ్లీ ఆపుతుంది.