ప్రాగ్‌లో చివరి రోజుకి రెండే చోట్లు

రాత్రి తొమ్మిదింటికి ఫ్లైట్. చెక్ రాజధాని ప్రాగ్‌లో చూడాల్సిన వాటిలో ఇంకా ఏడెనిమిది మిగిలే ఉన్నాయి. ముందు రోజు రాత్రి కూర్చుని రెండు మాత్రం ఉంచుకుని మిగతావి కొట్టేశాను. ఒంటరిగా తిరగడంలో నాకు నచ్చేది ఇదే, ఎవరినీ ఒప్పించక్కర్లేదు.

జూన్ కాబట్టి ఐదున్నరకే వెలుగొచ్చేసింది. ఆ రెండింటికీ ముందు, ఇదివరకే చూసిన చార్లెస్ బ్రిడ్జికి మళ్లీ వెళ్లాను. మొదటి రోజు మధ్యాహ్నం వెళ్తే ఆ జనంలో నడవడమే సరిపోయింది. 1357లో కట్టడం మొదలుపెట్టిన ఈ రాతి వంతెన మీద 30 విగ్రహాలున్నాయి. ఈసారి ఒక్కోదాని ముందూ ఆగాను. సెయింట్ జాన్ నెపొముక్ విగ్రహం కింద కంచు పలక ఒకచోట తళతళలాడుతోంది. తాకితే మంచి జరుగుతుందని అందరూ అక్కడే చెయ్యి పెడతారట. మన గుళ్లలో నందిని నిమిరి నిమిరి రాయి నునుపెక్కుతుందే, అలాగ.

నేను దిగిన హాస్టల్లో లిఫ్ట్ లేదు, మూడో అంతస్తు. అయినా పది గంటలకు గది ఖాళీ చేశాక సాయంత్రం దాకా సూట్‌కేసు డబ్బులడక్కుండా ఉంచారు. చివరి రోజుకి ఈ సదుపాయం చాలా ముఖ్యం, బుక్ చేసేముందే అడగండి.

దారిలో ఒక షాపులో 'కమిషన్ లేదు' అన్న బోర్డు నమ్మి యూరోలు మార్చాను. లెక్క చూసుకుంటే కోరునాలు (చెక్ డబ్బు) బాగా తక్కువొచ్చాయి. చెక్ చట్టం ప్రకారం అలాంటి షాపులో మార్చిన డబ్బు మూడు గంటల్లోపు వెనక్కి అడగొచ్చు. రసీదు చూపించి గట్టిగా అడిగాక ఇచ్చారు. రసీదు మాత్రం పారేయకండి.

తర్వాత పింకాస్ సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం. నాజీలు పొట్టనబెట్టుకున్న బొహీమియా, మొరావియా ప్రాంతాల (ఇప్పటి చెక్ దేశం) యూదులు సుమారు 80 వేల మంది పేర్లు ఇక్కడ గోడల నిండా చేత్తో రాసి ఉన్నాయి. ఇంటిపేరు ఎరుపులో, దాని వెంట ఆ ఇంట్లో వాళ్ల పేర్లు, పుట్టిన తేదీ, బతికున్నట్టు తెలిసిన ఆఖరి తేదీ. పక్కపక్క పేర్లకు అదే ఆఖరి తేదీ కనిపిస్తుంటే గోడ ముందు నుంచి కదల్లేకపోయాను. పై అంతస్తులో, నాజీలు యూదులను బంధించి ఉంచిన తెరెజీన్ ఘెట్టోలో పిల్లలు వేసిన బొమ్మలున్నాయి. వాళ్లకు బొమ్మలు నేర్పిన ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ తనను ఆష్‌విట్జ్ మరణ శిబిరానికి తరలించే ముందు సుమారు 4,500 బొమ్మలను రెండు సూట్‌కేసుల్లో సర్ది దాచిపెట్టింది. 1944లో ఆమెను అక్కడే చంపేశారు. బొమ్మలు మిగిలాయి. కొన్నింటి కింద ఆ పిల్లల పేర్లు కూడా ఉన్నాయి. ఒక్కో పేరూ చదివాను. అరగంట అనుకున్నది రెండు గంటలు పట్టింది.

పక్కనే పాత యూదు శ్మశానం. స్థలం చాలక పాత సమాధుల మీదే మట్టి పోసి మళ్లీ పాతిపెట్టడంతో రాళ్లన్నీ ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి. టికెట్ ఖరీదే, కానీ ఇక్కడ పెట్టిన డబ్బుకి నేను బాధపడలేదు. శనివారం మూసేస్తారు, చూసుకుని వెళ్లండి.

మధ్యాహ్నం మెట్రో సీ లైన్లో విషెహ్రాద్ కోటకు వెళ్లాను. కోటలోకి టికెట్ లేదు, పెద్దగా జనమూ లేరు. గోడ మీంచి వల్తావా నది, దూరంగా ప్రాగ్ కాజిల్ రెండూ కనిపిస్తాయి. రెండో రోజు కాజిల్ దగ్గర క్యూలో నిలబడ్డ టైమ్ ఇక్కడ గడిపి ఉండాల్సింది అనిపించింది. ఇక్కడి శ్మశానంలోనే సంగీతకారులు ద్వోర్జాక్, స్మెతానా సమాధులున్నాయి. రచయిత కారెల్ చాపెక్‌ది కూడా. మనం రోజూ వాడే 'రోబో' మాట ఆయన 1920లో రాసిన నాటకం నుంచే వచ్చింది. మాట మాత్రం సూచించింది ఆయన అన్న యోసెఫ్.

శాకాహారిగా ఆ రోజు తిండికి కాస్త ఇబ్బందే పడ్డాను. నాకు దొరికింది వేయించిన చీజ్, బంగాళాదుంపలు. కడుపు నిండింది.

ఐదింటికి సూట్‌కేసు తీసుకుని మెట్రో ఏ లైన్లో నాద్రాజీ వెలెస్లావీన్ స్టేషన్‌లో దిగి, 59 నంబర్ ట్రాలీబస్ ఎక్కాను. రెండింటికీ ఒకే టికెట్. మొదట ఎక్కేటప్పుడే పసుపు మెషీన్లో పెట్టి టైమ్ ముద్ర వేయించుకోవాలి, లేకపోతే ఫైన్. టాక్సీ అవసరమే రాలేదు, గంటలోపు ఎయిర్‌పోర్టులో ఉన్నాను.