పెళ్లి మేళం చెవులతో విన్న క్లెజ్‌మర్: ‘రిథమ్ ప్లస్ జ్యూజ్’

క్లారినెట్ వాయించేవాళ్లకైతే ఈ ఆల్బమ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, మొదటి పాట పెట్టుకుని వింటే చాలు. మిగతావాళ్ల కోసమే ఇదంతా రాస్తున్నా.

క్లెజ్‌మాటిక్స్ న్యూయార్క్ బృందం. 1986లో అక్కడి ఈస్ట్ విలేజ్‌లో మొదలైంది. వాయించేది క్లెజ్‌మర్, అంటే తూర్పు యూరప్ యూదుల పెళ్లి మేళం. పాడేది యిద్దిష్ అనే వాళ్ల భాషలో. 1990ల మొదట్లో వచ్చిన ఈ ‘రిథమ్ ప్లస్ జ్యూజ్’ ఆ బృందానికి రెండో ఆల్బమ్. మా అన్నయ్య కొడుకు హైదరాబాద్ నుంచి లింకు పంపి, “బాబాయ్, అచ్చం మీ బ్యాండులా ఉంది” అన్నాడు. విజయవాడ గవర్నర్‌పేటలో మా నాన్న కాలం నుంచీ మాది బ్యాండు మేళమే. వాడు వెటకారానికి అన్నాడో ఏమో గానీ, మాట మాత్రం నిజం.

యూదుల పెళ్లి కూడా మేళం లేకపోతే అడుగు ముందుకు పడదు. పెళ్లికూతుర్ని కుర్చీలో కూర్చోబెట్టి బద్ఖన్ అనే ఆయన ప్రాసలు కట్టి పాడుతూ కళ్లనీళ్లు పెట్టిస్తాడు. పక్కన ఫిడేలు మూలుగుతూ ఉంటుంది. తర్వాత డాన్సులు. విందయ్యాక చుట్టాల్ని వీధిలో సాగనంపడానికి వరసలు మళ్లీ వేరు. ఎదురుకోలుకి ఏం వాయించాలో, అప్పగింతలకి ఏం వాయించాలో తెలిసినవాళ్లకి ఇంతకన్నా విడమరిచి చెప్పాలా?

మొదటి పాట ‘ఫున్ తష్లిఖ్’. కొత్త సంవత్సరం రోజున యూదులు ఏటి ఒడ్డుకెళ్లి ఏడాది పాపాలన్నీ నీళ్లలో వదిలేస్తారు. ఆ తంతు పేరే తష్లిఖ్. ఈ వరసని 1920ల్లో నఫ్తులె బ్రాండ్‌వైన్ రికార్డు ఇచ్చాడు. తూర్పు యూరప్‌లోని గలీషియాలో పుట్టి, 1908లో అమెరికా చేరిన క్లారినెట్ ఘనుడు ఆయన. వేళ్ల పని చూసి ఎవరైనా ఎత్తుకుపోతారని జనానికి వీపు పెట్టి వాయించేవాడని చెప్పుకుంటారు. (మా దగ్గరా అలాంటి ఘటాలున్నాయి, పేర్లెందుకు.) పాత రికార్డు గరగరలాడుతుంది, అయినా ముందు అదే వినండి. తర్వాత వీళ్లది పెట్టండి. వరస చెక్కుచెదరలేదు. కింద దరువు మాత్రం అరబ్బు దేశాలది, నిదానంగా, బరువుగా నడుస్తుంది. దాని మీద డేవిడ్ క్రాకవర్ క్లారినెట్ తొందరేమీ లేకుండా పాకుతూ వస్తుంది. ఈయన న్యూయార్క్‌లోని జూలియార్డ్ సంగీత కళాశాలలో శాస్త్రీయంగా నేర్చుకుని వచ్చినవాడు. అయినా ఆ చదువు ఎక్కడా బయటపడనివ్వడు, అదే నాకు నచ్చింది.

క్లెజ్‌మర్ వాళ్లకి క్రెఖ్త్స్ అని ఒక వాయించే పద్ధతి ఉంది. స్వరం ఆపబోయే క్షణంలో పై స్వరాన్ని వేలితో తాకీ తాకనట్టు తాకి, గొంతు బిగించి ఊపిరి తెంపేయాలి. ఏడ్చి ఏడ్చి వెక్కినట్టు వినపడుతుంది. మన గమకం స్వరాన్ని పట్టుకుని ఊపుతుంది, ఇదేమో తెంపుతుంది. నా మీరట్ క్లారినెట్ మీద ప్రయత్నిస్తే మొదట్లో రీడు (నోటి దగ్గర ఊదితే అదిరే పలచటి బద్ద) కీచుమంది. మెత్తని రీడు వేసుకుని, పెదవి కాస్త వదులు చేశాక గానీ దారికి రాలేదు.

రాగాల సంగతి చూడండి. క్లెజ్‌మర్‌లో మాటిమాటికీ తగిలే ఫ్రైగిష్ అనే స్వరాల వరస అంటే మన పద్నాలుగో మేళకర్త రాగం వకుళాభరణమే: శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం. డోయినా అని తాళం లేకుండా ఆలాపనలా సాగే రకం ఒకటుంది. అది రొమేనియా నుంచి వచ్చింది. దానికి ఎక్కువగా వాడే స్వరాలు రాసుకుంటే మన హేమవతి రాగం తేలుతుంది. సంచారాలు మాత్రం వేరు, మన పద్ధతిలో పాడుకుంటూ పోతే తేడా కొడుతుంది. ఈ ఆల్బమ్‌లో అలీసియా స్విగల్స్ ఫిడేలు మీద వాయించిన డోయినా ఒకటుంది. సత్యనారాయణపురంలో వయొలిన్ నేర్చుకునే పిల్లలకి వినిపించాల్సిన ముక్క.

ఇక నచ్చనివి. ‘ఎన్‌వై సైకో ఫ్రైలెఖ్స్’ అని రెండో పాట. ఫ్రైలెఖ్స్ అంటే గుండ్రంగా తిరుగుతూ ఆడే సంబరం డాన్సు. ఇందులో జాజ్, రాక్ హడావిడి ఎక్కువైంది. వాయిద్యగాళ్లు ఒకరితో ఒకరు పందెం వేసుకున్నట్టుంది గానీ ఆడేవాళ్ల కాళ్ల గురించి ఎవరికీ పట్టలేదు. కొత్తది కలపొద్దని కాదు, తష్లిఖ్‌లో కలిపింది కూడా కొత్తదే. అక్కడ దరువు వరసని మోసింది, ఇక్కడ మీదెక్కి కూర్చుంది. పెళ్లి పందిట్లో డీజే వచ్చాక మాకు జరిగింది కూడా ఇదే.

లోరిన్ స్క్లామ్‌బెర్గ్ పాడినవి బాగున్నాయి. సన్నటి గొంతు, పై స్థాయిలో కూడా అరుపులా ఉండదు. భాష రాకపోయినా ‘ది జున్ వెట్ అరుంతెర్‌గెయిన్’ నాలుగైదుసార్లు విన్నా. పొద్దుగూకే పాట, మోయిషె లెయిబ్ హాల్‌పర్న్ అనే యిద్దిష్ కవి రాసింది. మొబైల్ స్పీకర్‌లో మాత్రం వినకండి, డబుల్ బేస్ అనే మంద్రపు తీగల వాయిద్యం అసలు వినపడదు. ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి.

వీళ్లకి గ్రామీ అవార్డు వచ్చింది దీనికి కాదు, 2006 నాటి ‘వండర్ వీల్’ ఆల్బమ్‌కి. అమెరికన్ జానపద గాయకుడు వుడీ గత్రీ రాసిపెట్టిన సాహిత్యానికి వీళ్లు బాణీలు కట్టారు. ఇంగ్లిషు పాటలు కాబట్టి కొత్తవాళ్లు అక్కణ్ణుంచి మొదలుపెట్టొచ్చు. మేళం వాళ్లకి మాత్రం ‘రిథమ్ ప్లస్ జ్యూజే’ సరుకు.

ఈ ఆల్బమ్‌లో బుల్గర్ డాన్సులు కూడా ఉన్నాయి. ఎనిమిది మాత్రల్ని తకిట తకిట తక అని విరిచి నడుపుతారు. మా డ్రమ్ము కుర్రాడికి ఒక్కసారి వినిపిస్తే పట్టేశాడు. మొన్న ఒక ఊరేగింపులో తీన్‌మార్ మధ్యలో దూర్చాం, కుర్రాళ్లు ఆగకుండా ఆడారు. పెళ్లికొడుకు మేనమామ వచ్చి ఏ సినిమాలోదని అడిగాడు. ఇంకా రిలీజ్ కాలేదండీ అని చెప్పా.